పొద్దుటి మునక

1969 ఏప్రిల్ 28

సంతకం పెట్టాను. దర్శకత్వం: టోరా వెస్ట్‌మన్. ఆ మాటలు కాగితం మీద చూసుకుని ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా వంటింట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఎవరికైనా చెప్పుకోవాలి. అమ్మకి ఫోన్ చేస్తే నలభై దాటాక ఇదేం పిచ్చే అంటుంది. స్నేహితురాళ్ళకి చెబితే షరతు గురించి కూడా చెప్పాల్సి వస్తుంది. అందుకని ఈ పుస్తకం కొన్నాను.

షరతు పెద్దదేం కాదు. సినిమాలో ఒక స్నానం ఉండాలి. నిర్మాత రూనె నన్ను ఇరవై ఏళ్ళుగా ఎరుగును, మొహమాటం లేదు. వేసవి, నీళ్ళు, ఒక ఆడపిల్ల, బయటి దేశాలవాళ్ళు మన సినిమా కొనేదే దానికోసం, నీకు తెలియందా అన్నాడు. నాకు తెలియకపోవడమేం? ఇరవై ఏళ్ళప్పుడు నేనూ ఒక సినిమాలో నీళ్ళలోకి దిగాను. ఉత్త రిహార్సలే, కెమెరాలో రీలు లేదన్నాడు ఆ డైరెక్టరు పెద్దమనిషి. ఉంది. ఆ తర్వాత పాస్టరు భార్యగా, నర్సుగా, పిచ్చిదానిగా, రాణిగా ఎన్ని వేశానో ఒక్కడికి గుర్తులేదు. ఈనాటికీ విలేఖరులు ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయా అని అడుగుతారు.

నేను తెలివిగా ఒప్పందంలో "ఒడ్డున వేసవి దృశ్యం" అని రాయించాను. బట్టలు లేకుండా అని ఎక్కడా లేదు. కాబట్టి నేను ఒప్పుకోనట్టే.

మే 9

పేపర్లో నా బొమ్మ గీశారు. ప్యాంటు, నోట్లో పైపు, చేతిలో మెగాఫోను. కింద "నటీమణి ప్యాంటు తొడుక్కుంది" అని. అమ్మ ఫోన్ చేసి ఆ పైపు నీకు నప్పలేదంది.

నప్పకపోతే పోనీ. ఈ సినిమా నేను తియ్యకపోతే ఇంక జన్మలో తియ్యలేను, అది నాకు తెలుసు. ఒక దీవి, చేపలకి పొగబెట్టి అమ్ముకునే ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ దగ్గరికి పనికొచ్చిన ఒక అమ్మాయి. ఇంతే కథ. ఇందులో ఎవరు ఎవర్ని ప్రేమిస్తారని రూనె మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు.

మే 16

అమ్మాయి దొరికింది. యిల్వా. ఉత్తరాదినుంచి, అంటే రైలు ఇంక వెళ్ళలేక ఆగిపోయే చోటినుంచి వచ్చింది. నటించి చూపించమంటే సిగ్గుపడింది. సరే, బంగాళదుంపలు చెక్కు తియ్యమన్నాను. తీసింది. గదిలో అందరం నోళ్ళు మూసుకుని చూస్తూ కూర్చున్నాం. వాళ్ళ వైపు జనంలాగే "అవును" అనదు, గాలి లోపలికి పీల్చి ఊరుకుంటుంది. అదే అవును. ముచ్చటేసింది నాకు.

వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగింది.

"ఏదైనా చేస్తాను టోరా గారూ. అదొక్కటి తప్ప. మా అమ్మ ప్రార్థన మందిరంలో నేల తుడుస్తుంది. ఆ ఊళ్ళోనే బతకాలి ఆవిడ."

అదేమిటో నేను అడగలేదు, తను చెప్పలేదు. చెయ్యి చాపాను. చెయ్యి కలిపాక మాట మాటే, మన దేశంలో దానికి సాక్షులక్కర్లేదు.

జూన్ 3

దీవిలో ఉన్నాం. ఇల్లు బాగుంది, పొగగది బాగుంది, చెక్కరేవు వంకరగా ఉండి ఇంకా బాగుంది. పొద్దు గుంకడం దాదాపు మానేసింది. ఎవరికీ నిద్రల్లేవు, నాకు అసలే లేదు. కెమెరా ఆర్విద్‌ది. అరవై దాటినవాడు, నన్ను ఇంకా "అమ్మాయ్" అంటాడు. డైరెక్టర్నయ్యా అంటే, సరే డైరెక్టరమ్మాయ్ అన్నాడు.

పొద్దుటి మునక మొదలైంది. కాఫీకి ముందు ఆడవాళ్ళు, ఆ తర్వాత మగవాళ్ళు. పడవల షెడ్డు మేకుకి ఎర్ర తువ్వాలు వేలాడుతున్నంతసేపూ మగపురుగు ఒడ్డు వంపు దాటి రాదు. వంటావిడ, మేకప్ అమ్మాయి, డెబ్బై ఏళ్ళ ఇంటావిడ, నేను, గౌన్లు రేవుమీద పడేసి నూలుపోగు లేకుండా దూకుతాం. ఎవరూ ఎవర్నీ చూడరు. తల తిప్పుకోవడం కాదు. ఎదురుగా నిలబడి వెన్న ధర గురించి మాట్లాడుకుంటూనే చూడకపోవడం. పుట్టినప్పటినుంచీ అబ్బిన విద్య. ఇంటావిడ పొట్టమీద ఆపరేషన్ మచ్చ ఎటువైపుందో ఇప్పుడడిగితే చెప్పలేను.

యిల్వా రాలేదు. వంటింటి మెట్టుమీద కూర్చుని కాఫీ తాగుతోంది.

జూన్ 5

వర్షం. ఏమీ తియ్యలేదు. అందరిమీదా అరిచాను.

జూన్ 10

ఇవాళ నేనే పిలిచాను. "రా యిల్వా, ఇక్కడెవరూ చూడరు," అన్నాను. గాలి పీల్చింది. వచ్చింది.

చేపపిల్లలా ఈదింది. పెదాలు నీలంగా మారేదాకా బయటికి రాలేదు. వచ్చి, రేవుమీద నిలబడి, జుట్టు పిండుకుంటూ ఊరికే నవ్వింది. కెమెరా ముందు ఈ పిల్ల ఎప్పుడూ ఇలా నవ్వలేదు. ముందు రోజు ఇలాంటి నవ్వుకోసం మధ్యాహ్నమంతా తల బద్దలు కొట్టుకున్నాను. అది తలుచుకున్నాను, అంతే.

జూన్ 21

వేసవి పండగ. ఆకులు చుట్టిన స్తంభం, దాని చుట్టూ వానలో తడుస్తూ కప్పగంతులు, కొత్త బంగాళదుంపలు, ఉప్పుచేప, చిన్నగ్లాసుల్లో సారా, గ్లాసు గ్లాసుకీ పాట. రూనె పడవలో దిగాడు, వెంట ఒక విదేశీ కొనుగోలుదారు. ఆ మనిషి మా ఉప్పుచేప నోట్లో పెట్టుకుని మింగలేక కక్కలేక కూర్చున్నాడు.

స్నానం ఏ రోజు పెట్టావని రూనె అడిగాడు. వెలుతురుని బట్టి అన్నాను. ఈ నెలలో వెలుతురు లేనిదెప్పుడు అని నవ్వాడు. తర్వాత నన్ను పొగగది వెనక్కి తీసుకెళ్ళాడు, అక్కడ నవ్వలేదు.

"తీసినంతవరకూ చూశాను టోరా. బాగుంది, అబద్ధం చెప్పను. కానీ నడివయసు ఆడవాళ్ళు చేపలకి పొగబెడుతుంటే చూడ్డానికి పారిస్‌లో ఎవడూ టికెట్ కొనడు. నాకా స్నానం కావాలి. లేదంటే దీన్ని పూర్తిచెయ్యడానికి నా దగ్గర వేరే మనుషులున్నారు."

వేరే మనుషులంటే మగవాళ్ళు. ఎవరో కూడా తెలుసు. నా సినిమా తీసుకెళ్ళి వాళ్ళ చేతుల్లో పెడతాడు. యిల్వా బల్ల దగ్గర మేకప్ అమ్మాయికి తన ఊరి పాట నేర్పుతోంది. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని.

జూన్ 24

రేపు పొద్దున్నే పొగమంచు తియ్యమని ఆర్విద్‌కి చెప్పాను. సినిమా మొదట్లో వాడుకోవచ్చు. రేవుకి ఎదురుగా, నీళ్ళకి అవతలి రాళ్ళమీదినుంచి అయితే బాగా వస్తుంది.

జూన్ 25

పొగమంచు వచ్చింది. నిజంగా అద్భుతమైన పొగమంచు. ఆర్విద్ చీకటితోనే రాళ్ళమీదికి పెట్టె మోసుకెళ్ళాడట, చీకటంటూ ఉంటే. మేం మామూలు వేళకే దిగాం. ఎర్ర తువ్వాలు మేకుకే ఉంది. ఆర్విద్ వంపు దాటి రాలేదు, అవతలి ఒడ్డున ఉన్నాడు. అవతలి ఒడ్డు గురించి ఆ పద్ధతిలో ఏమీ లేదు.

మేం నీళ్ళలో ఉండగా మంచు విడిపోయింది. ఎండ రేవుమీద పడింది. యిల్వా పైకెక్కింది. నేను నీళ్ళలోంచి అవతలికి చూశాను. కెమెరా తిరిగింది మా వైపుకి. చెయ్యి ఎత్తితే చాలు, ఆర్విద్ ఆపేసేవాడు. ఎత్తాను కూడా. కళ్ళమీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకున్నాను.

అంత దూరంనుంచి ఏం కనబడుతుంది గనక.

జూన్ 26

పొగమంచు బాగా వచ్చిందని ఆర్విద్ చెప్పాడు. సరే అన్నాను. అతను ఇంకేదో చెప్పబోయాడు. నేను మధ్యాహ్నం పని గురించి మాట్లాడాను.

జూలై 12

షూటింగ్ అయిపోయింది. అందరూ ఏడ్చారు. యిల్వా నా మెడ పట్టుకుని వదల్లేదు. నాకు ఇంకెవరితోనూ ఇలా చెయ్యాలని లేదు టోరా గారూ, ఇంతమందిలో నేను భయం లేకుండా నిద్రపోయింది ఇక్కడే అంది. వాళ్ళమ్మ పంపిన పసుపుపళ్ళ జాము సీసా ఇచ్చింది. బీరువాలో పెట్టాను. తినబుద్ధి కాలేదు.

జూలై 30

ఎడిటింగ్ గదిలో నేనూ సిగ్నే. ఈవిడ కత్తెర పట్టని సినిమా ఈ ఊళ్ళో లేదు, సిగరెట్ ఆర్పిన క్షణమూ లేదు. పొగమంచు రీలు పెట్టింది. మంచు, మంచు, మంచు. తర్వాత రేవు. తర్వాత యిల్వా.

నీళ్ళలోంచి వస్తుంది. వెలుతురు భుజాలమీద. చలికి గంతులేస్తుంది, జుట్టు పిండుకుంటుంది, ఎవరో ఏదో అంటే తల వెనక్కి వాల్చి నవ్వుతుంది. ఎవరో ఏమిటి, నేనే. నీళ్ళలో ఉన్న నా వైపు చూసి నవ్వుతోంది. దాచుకునేది ఏమీ లేనివాళ్ళ నవ్వు. నేను తీసిన సినిమా మొత్తంలో ఇంత మంచి ముక్క లేదు.

సిగ్నే మళ్ళీ వేసింది. ఆ పిల్లకి తెలుసా అని అడిగింది. తెలుస్తుంది అన్నాను. నేను అడిగింది అది కాదంది. కాసేపటికి తనే, ఎక్కడ అతకమంటావు అంది.

ఆగస్టు 2

ఆలోచించాను. ఇది వేరు. నాతో చేసింది వేరు. అక్కడ ఒక మగాడు తన కోసం, తనలాంటి మగాళ్ళ కోసం తీశాడు. ఇక్కడ చూపు ఆడదానిది. శరీరాన్ని సరుకుగా కాక శరీరంగా చూపించడం, సిగ్గు లేకుండా, చలి వేస్తే వణికే, నవ్వొస్తే నవ్వే మామూలు శరీరంగా. ఇన్నాళ్ళూ మనకి దక్కనిదే ఇది. దాన్ని చెత్తబుట్టలో వేస్తే ఎవరికి లాభం? యిల్వాకి కూడా ఇది మేలే. ఈ ఒక్క ముక్కతో దేశమంతా గుర్తుపెట్టుకుంటుంది.

పైన రాసిన చివరి వాక్యం మళ్ళీ చదివాను. అలాగే ఉండనీ.

ఆగస్టు 6

రూనె చూశాడు. దీపాలు వెలిగాక లేచి వచ్చాడు. తర్వాత నా నుదుటిమీద ముద్దు పెట్టాడు. ఇలాంటిది ఆడదే తియ్యగలదు, నాకు ముందే తెలుసు అన్నాడు. సినిమా నాదే, ఇంక ఎవరి చేతికీ పోదు.

సంతోషించాను. చాలా సంతోషించాను.

ఆగస్టు 12

ఆడవాళ్ళ సంఘంలో నన్ను మాట్లాడమన్నారు. గ్రంథాలయం గది నిండింది, నేలమీద కూర్చున్నవాళ్ళు కూడా ఉన్నారు. కెమెరా కన్ను ఎవరిది, ఎవరికోసం తెరుచుకుంటుంది అని చాలా చెప్పాను. బాగా మాట్లాడాను. వెనకనుంచి చేతిలో అల్లికతో ఒకావిడ లేచి, మీరు డైరెక్టర్లయితే మాత్రం ఏం మారుతుంది, ఏం వేరుగా చేస్తారు అని అడిగింది.

మేం ముందు అడుగుతాం అన్నాను.

చప్పట్లు ఆగలేదు.

ఆగస్టు 13

రోజంతా మంచం దిగలేదు. చేప పడలేదనుకుంటాను.

ఆగస్టు 16

యిల్వాకి చెప్పాలి. ఫోన్ చేశాను. తియ్యలేదు. ఇంట్లో ఉండి ఉండదు. ఒక్కసారి మోగి ఆగిపోయినట్టుంది, లైను బాగాలేదేమో. ఆగిపోయిందా, నేనే పెట్టేశానా.

ఆగస్టు 23

రూనె ఇంట్లో ఎర్రరొయ్యల విందు. తోటలో చంద్రుడి మొహాలున్న కాగితపు లాంతర్లు, తలమీద కాగితపు టోపీలు, మెళ్ళో చిన్నపిల్లల్లా తుండుగుడ్డలు, రొయ్య తలలు చప్పరించే చప్పుడు. యిల్వాని పిలిచారని నాకు తెలియదు. నాకు ఎదురుగా కూర్చోబెట్టారు. జాము ఎలా ఉందని అడిగింది. చాలా బాగుందన్నాను.

రూనె నోట్లో నువ్వుగింజ నానదు, అందులోనూ నాలుగు పాటల తర్వాత. గ్లాసు పట్టుకుని లేచి, యిల్వా కళ్ళలోకి చూశాడు, గ్లాసెత్తితే కళ్ళలోకి చూడాలి కదా. నీళ్ళలోంచి వచ్చిన పిల్ల కోసం అన్నాడు. ఆ రేవుమీది నవ్వు కోసం, చూసినప్పటినుంచీ నాకు నిద్ర లేదు అన్నాడు. బల్ల చుట్టూ అందరూ గ్లాసులెత్తారు. యిల్వా మర్యాదకి తనూ ఎత్తింది. ఆ మాట తనకి అర్థం కాలేదు, ఒక క్షణం పాటు. సినిమాలో తనకి నీళ్ళ సీను లేదు. రేవుమీద తను నవ్వింది పొద్దున పూట, మా మధ్య.

అప్పుడు నా వైపు చూసింది. గ్లాసెత్తినవాళ్ళు కళ్ళు తప్పించకూడదు. నేను చేతిలో ఉన్న రొయ్య డెక్క విరుస్తూ కూర్చున్నాను.

తను తాగలేదు. గ్లాసు దించి, టోపీ తీసి మడిచి కంచం పక్కన పెట్టి, రూనె భార్యకి దణ్ణం పెట్టినంత వినయంగా భోజనానికి కృతజ్ఞతలు చెప్పి వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. తోటలోంచి పరిగెత్తాలనిపించింది. పరిగెత్తలేదు, తర్వాతి పాట పాడాను.

ఆగస్టు 25

యిల్వా ఎడిటింగ్ గదికి వచ్చింది. చూస్తానంది. సిగ్నే సిగరెట్ పెట్టె తీసుకుని బయటికి వెళ్ళింది.

ముక్క వేశాను. కళ్ళార్పకుండా చూసింది. అయ్యాక మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వేశాను. బాగుంది అంది. నిజంగానే అంది, ఎత్తిపొడుపు కాదు. నేను అందుకుని మాట్లాడ్డం మొదలుపెట్టాను, శరీరం, చూపు, గ్రంథాలయంలో చెప్పినవన్నీ. మధ్యలో ఆపింది.

"ఇందులో నేను నటించట్లేదు. మీతో ఉన్నాను, అంతే." తర్వాత అడిగింది: "ఆవేళ నన్ను నీళ్ళలోకి పిలిచింది ఇందుకేనా?"

కాదన్నాను.

ఆమె గాలి లోపలికి పీల్చలేదు. బ్యాగు తీసుకుని వెళ్ళింది.

ఆగస్టు 26

కాదు. ఇందుకు కాదు. జూన్ పదిన పిలిచింది ఇందుకు కాదు. ఇరవయ్యైదున కూడా, పొగమంచు కోసమే.

ఆగస్టు 29

ఇందుకే కావచ్చు.

సెప్టెంబరు 1

నిద్ర లేదు. వీధులు కొలుస్తున్నాను. ఓడల రేవుదాకా వెళ్ళి వెనక్కి, మళ్ళీ వెళ్ళి వెనక్కి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నాలుగు నెలలుగా ఈ పుస్తకంలో తాగుతూనే ఉన్నాను. రిహార్సలే అన్న ఆ పెద్దమనిషి కనీసం నన్ను ముందు స్నేహితురాల్ని చేసుకోలేదు. వాడికంటే నేను ఘోరం.

సెప్టెంబరు 4

చేసేశాను.

పొద్దున లాబ్‌కి వెళ్ళి ఆ రీలు నెగెటివ్ అడిగాను. డైరెక్టర్ని, ఎందుకని ఎవరూ అడగలేదు. ఎడిటింగ్ గదిలో అతికిన ముక్క కూడా ఊడదీశాను. సిగ్నే చూస్తూ నిలబడింది. రూనె మాట ఏమిటి అంది. రూనె సంగతి నేను చూసుకుంటానన్నాను. అన్నీ నువ్వే చూసుకుంటావు ఎప్పుడూ అని గొణిగింది. ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు.

ఇంటికి తెచ్చి పొయ్యిలో వేస్తే మండలేదు. ఇప్పటి రీళ్ళు మండవట, ముడుచుకుని వెనిగర్ కంపు కొడతాయంతే. బయటికి లాగి, వంటింటి కత్తెరతో ముక్కలు ముక్కలు చేశాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. ఒక ముక్క వెలుతురుకి పట్టి చూశాను, నల్లటి మొహం, తెల్లటి జుట్టు, ఆ నవ్వు. దాన్నీ కత్తిరించాను.

సెప్టెంబరు 5

పది గంటలు నిద్రపోయాను. లేచి కిటికీలు తెరిచాను. సినిమా పోతే పోతుంది. ఆ పిల్లని కాపాడాను. జాము సీసా తెరిచి రొట్టెమీద రాసుకుని తిన్నాను.

సెప్టెంబరు 8

యిల్వాకి ఇంకా చెప్పలేదు. ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఆమె మొహం చూడాలి అప్పుడు.

సెప్టెంబరు 19

ఇవాళ మధ్యాహ్నం తనే వచ్చింది, మా ఇంటికి. మనిషి కొంచెం చిక్కింది. ఊరు వెళ్ళి వచ్చానంది. కాఫీ పెట్టాను, దాల్చినచెక్క రొట్టెలు కొనుక్కొచ్చినవి ఉంటే పెట్టాను. చెప్పాలని నేను నోరు తెరిచేలోపు, ముందు నన్ను చెప్పనివ్వండి అంది. పాఠం ఒప్పజెప్పే పిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

అమ్మకి మొత్తం చెప్పిందట. దాచకుండా. అమ్మ రెండురోజులు మాట్లాడలేదట. మూడోరోజు ప్రార్థన మందిరంలో ఇద్దరూ కలిసి నేల తుడుస్తుంటే, అది నీ ఒళ్ళు, నిర్ణయం నీది, ఊళ్ళోవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను అందట. తర్వాత వారమంతా యిల్వా ఆలోచించిందట.

"ఆ ముక్క ఉండనివ్వండి. నేను అలా ఉంటానని నాకే తెలియదు. మా అమ్మ కూడా చూడాలి అది. మీరు నా దగ్గర దొంగతనంగా తీసుకున్నారు, ఇప్పుడు నేనే ఇస్తున్నాను. అదొక్కటే తేడా. కానీ నాకు అది చాలా పెద్ద తేడా."

నేను కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాను. చెప్పాను. లాబ్, పొయ్యి, కత్తెర. నీ కోసమే అన్నాను. నా గొంతులో ఆ మాట ఎంత అసహ్యంగా వినిపించిందో.

యిల్వా కాఫీ కప్పు పక్కకి జరిపింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"తీసుకునేటప్పుడు నన్నడగలేదు. పారేసేటప్పుడూ అడగలేదు. నేను ఒకదాన్ని ఉన్నానని మీకు ఎప్పుడు గుర్తొస్తుంది?"

మెట్లు దిగుతున్న చప్పుడు కింది దాకా విన్నాను. రొట్టె ముట్టుకోలేదు తను.

సెప్టెంబరు 20

సెప్టెంబరు 22

మొన్న తేదీ వేసి ఏమీ రాయలేకపోయాను.

రూనె దగ్గరికి వెళ్ళాను. ఆ ముక్క లేదని చెప్పాను. లాబ్ పోగొట్టిందా అన్నాడు. కాదు, నేనే కత్తిరించానన్నాను. కోపంతో మొహం ఎర్రబడింది, ఆ తర్వాత నవ్వాడు. ఆ పిల్లని కాపాడానని సంఘంలో గొప్పగా చెప్పుకో అన్నాడు. కాపాడలేదు రూనె, ఆమెకి అది కావాలట అన్నాను. అతనికి అర్థం కాలేదు. నాకే మొన్నటిదాకా అర్థం కాలేదు, అతన్నేం అంటాను.

అక్టోబరు రెండోవారం దాకా గడువిచ్చాడు. ఎక్కడైనా, ఏ నీళ్ళలోనైనా సరే, యిల్వాతో ఇంకో స్నానం. లేకపోతే ఎడిటింగ్ గది తాళాలు అతని మనిషికి. ఆ పిల్ల నీ మాట వింటుంది, ఒక్క మాట నువ్వు చెబితే ఒప్పుకుంటుంది అన్నాడు. వింటుందనే నా భయం.

సెప్టెంబరు 28

ఏమని అడగాలి? "నా సినిమా పోతోంది, నువ్వే దిక్కు" అంటే అది అడగడం కాదు, మెడమీద కత్తి. "నీ ఇష్టం" అని నిట్టూరిస్తే అంతకన్నా పెద్ద కత్తి. నటిని కదా, నా గొంతుతో ఎవరిచేతనైనా అవుననిపించగలను. అద్దం ముందు నిలబడి ఆ మాటని మామూలు గొంతుతో అనడం సాధన చేశాను. ప్రతిసారీ నటనలాగే ఉంది.

అడగకుండా నేనే వద్దనేసి రూనెకి తాళాలిచ్చేద్దామా అనుకున్నాను. ఎంత గొప్పగా ఉంటుంది. మళ్ళీ అదే పని.

అక్టోబరు 1

సంఘంనుంచి ఉత్తరం. మళ్ళీ వచ్చి మాట్లాడమని. జవాబు రాయలేదు.

అక్టోబరు 6

ఫోన్ చేశాను. యిల్వా ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే ఉందట. తల్లి తీసింది. నేనెవరో చెప్పాను.

"ఏం కావాలి?"

యిల్వాని ఒక మాట అడగాలన్నాను.

"అడగడానికా," అంది ఆవిడ. "మంచిదే. అది ఎండాకాలంలో చెయ్యాల్సిన పని కదమ్మా." కోపంగా కూడా అనలేదు. పొయ్యిమీద పాలున్నాయి, దించి పిలుస్తానని వెళ్ళింది. ఫోన్ పట్టుకుని వంటింట్లో తీగ సాగినంత మేరా నడిచాను.

యిల్వా వచ్చింది. సాధన చేసిందంతా మర్చిపోయాను. రూనె ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పాను. నువ్వు చెయ్యకపోతే సినిమా నా చేతిలోంచి పోతుంది, అది నా బాధ, నీది కాదు, కానీ దాచి అడిగితే అదీ మోసమే కాబట్టి చెబుతున్నాను అన్నాను. చేస్తావా, చెయ్యవా అని అడిగాను. నా గొంతు వణికింది. అది నటన కాదు, కానీ ఆమెకి ఎలా తెలుస్తుంది.

"చెయ్యను," అంది. "ఆ పొద్దుటిది ఇచ్చాను. అది ఆ ఒక్క పొద్దుటిదే. మళ్ళీ చేస్తే నేను నటించాలి. నాకిష్టం లేదు."

సరే అన్నాను.

ఇంకేదో అంటానని ఎదురుచూసింది. నేను ఏమీ అనలేదు. నా సినిమా పోయింది. ఏడవాలని ఉంది, కానీ నిలబడే ఉన్నాను. దూరపు లైనులో గాలి చప్పుడు. ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. కాసేపటికి అక్కడ మంచు పడిందా అని తనే అడిగింది. ఇంకా లేదన్నాను. ఇక్కడ రాత్రి పడింది, అమ్మా నేనూ పొద్దున గుమ్మం ముందు ఊడ్చాం అంది.

రేపు తాళాలు తీసుకెళ్ళి రూనెకి ఇవ్వాలి.